కొలువులో క్రొత్తవారు

రావులపాలెపు అరటి బజారును తెల్లవాఱుజామున చూడని కోనసీమవాసి యుండడు. గౌతమీ వసిష్ఠల నడుమనున్న లంకలనుండి గెలలను సైకిళ్ళకు ఇరుప్రక్కల వ్రేలాడగట్టుకొని రైతులు బారులుగా వచ్చుచుందురు. చక్రకేళి, కర్పూర, అమృతపాణి, బొంత; ఏ జాతి గెల నెచ్చట దింపవలయునో, ఏది యీదినమే చెల్లిపోవలయునో, ఏది ఒడిశా దాక లారీలో పయనించినను చెడక నిలుచునో, అచ్చటి పెద్దలకు కంటిచూపుతోనే తెలియును. ఆ ముఠాలలో క్రొత్తగా చేరిన కుఱ్ఱవానిని పాఠకులెన్నడైన నిలిచి గమనించిరా? మేస్త్రీ వానికి ఉపన్యాసము చెప్పడు. చేతికి పుస్తకమీయడు. పెద్దవాడొకడు గెల నెత్తునప్పుడు కాడ నెట్లు పట్టునో, దించునప్పుడు కాయ నేలకు తగులకుండ మోకాలి నెట్లు వంచునో వాడు చూచుచుండును. చేయి జాఱి గెల క్రిందపడినచో తిట్లు తినును. వయసు మీఱిన రైతును ఏకవచనమున పిలిచినచో ప్రక్కవాడు కన్నెఱ్ఱ చేయును; మఱునాటికి వాని నోట 'అండీ' యను మాట, దాని వెంట మన గోదావరివారి 'ఆయ్' తమంతట తామే వచ్చును. నెల తిరుగునప్పటికి వాడు పనివాడైనాడు. ఎవరు నేర్పిరని యడిగినచో వాడును చెప్పలేడు, మేస్త్రీయును చెప్పలేడు.

వాడు మంచినే నేర్చుకొనునని మేమనము. ఏ రైతునకు లెక్క తెలియదో, ఎవరు మొగమాటపడి తక్కువ ధరకు తలయూపుదురో, అట్టి సంగతులును ఏ బజారునందైనను ఆ చూపుతోనే, ఆ నిశ్శబ్దముతోనే ఒకరినుండి యొకరికి సంక్రమించుచుండును. పనితోపాటు పనిలోని నీతియు, పనిలోని దొంగతనమును ఒక్క పాఠముగనే వచ్చును. వానిని వేఱు చేసి నేర్పువారు లేరు.

ఈ బజారు ముచ్చట యేల యెత్తితిమనగా, అదే రావులపాలెమున, దాని చుట్టుపట్ల ఊబలంకలో, ఈతకోటలో, వెదిరేశ్వరములో, ఆ మాటకు వచ్చిన రాష్ట్రమందంతటను, ఇంకొక తెగ క్రొత్తవారు కూరుచున్న కచేరీలు గలవు. అవి గ్రామ సచివాలయములు. 2019వ సంవత్సరము సెప్టెంబరు 1 మొదలు 8 వఱకు జరిగిన పరీక్షలకు ఇరువది లక్షలకు పైగా యువజనులు దరఖాస్తు చేసియుండగా, నెల తిరుగకమునుపే ఎన్నికైనవారి చేతికి నియామక పత్రములు వచ్చెను. అక్టోబరు 2వ తేదీ, గాంధీ జయంతినాడు, మన గోదావరి సీమలోని కరప గ్రామమున ఈ వ్యవస్థకు ప్రారంభోత్సవము జరిగెను. సుమారు రెండువేల జనమునకు ఒక్కటి చొప్పున, పట్టణములలోని వార్డులతో కలిపి సుమారు 15,000 సచివాలయములు. లక్షకు పైబడిన ఉద్యోగములు. పంచాయతీ కార్యదర్శి, డిజిటల్ అసిస్టెంటు, సంక్షేమ విద్యా సహాయకుడు, సర్వేయరు, ఇంజనీరింగు సహాయకుడు, వ్యవసాయమునకో ఉద్యానమునకో ఒకరు, పశువులకు ఒకరు, మహిళా పోలీసు, ఆరోగ్య కార్యకర్త. గ్రామ రెవెన్యూ అధికారివంటి ఒకరిద్దఱు తప్ప ఆ గదిలో పాతవారు లేరు. అందఱును క్రొత్తవారే. బల్లయు క్రొత్తది, కంప్యూటరు క్రొత్తది, గోడకు వేసిన రంగును క్రొత్తదే.

ఈ విషయముపై ఇన్నాళ్ళుగా రాజకీయ పక్షములు పొగడ్తలను తెగడ్తలను పంచుకొన్నవి. ఆ జోలికి మేము పోము. మాకు ఆశ్చర్యము గొల్పినది వేఱొకటి. క్రొత్తవాడు ఎప్పుడును పాతవాని ప్రక్కన కూరుచుండి కొలువు మర్యాద నేర్చుకొనునని లోకమంతయు నెఱుగును. ప్రక్కన పాతవాడే లేనప్పుడు వాడు దేనినుండి నేర్చుకొనును? ఇట్టి ప్రశ్న మన దేశమున ఇంత పెద్దయెత్తున ముందెన్నడు వచ్చినట్లు తోచదు. దానికి ఉత్తరము మన కన్నులయెదుటనే నడచిపోయినది గాని మనము దానిని చదువలేదు.

పూర్వము పల్లెలో కరణమున్నాడు. అతని కుమారుడు తండ్రి చాపప్రక్కన కూరుచుండి అడంగలు వ్రాయనేర్చెను. జమాబందికి దొరలు వచ్చునప్పుడు ఏ లెక్క ముందుంచవలెనో, ఏ లెక్క అడిగిననే చూపవలెనో అదియును అచ్చటనే నేర్చెను. కరణముల నేర్పును గుఱించి మన శతకకారులు చెప్పినవి పాఠకులకు కంఠస్థములే గనుక మేము వ్రాయనక్కఱలేదు. తాలూకా కచేరీలలో ఉమేదువారులని యొక తెగ యుండెడిది. జీతము లేకయే ఏండ్ల తరబడి పనిచేయుచు, ఎప్పుడేని ఒక ఖాళీ రాకపోవునాయని గుమాస్తాల వెనుక నిలిచియుండు వారికి ఆ పేరు. అర్జీ వ్రాయు తీరు, దస్త్రము కట్టు తీరు, పై యధికారియెదుట నిలుచు తీరు వారికి సంపూర్ణముగ వచ్చెడిది. జీతము లేనివాడు ఏమి తిని బ్రతికెనని యెవ్వరు నడుగలేదు. అడుగనక్కఱయు లేకపోయెను; రైతు చేతి మామూలు గుమాస్తాకు పోవుచు దారిలో ఉమేదువారిని కూడ తడపిపోవుచుండెను. కొలువు రాకమునుపే వానికి లంచము పుచ్చుకొను విద్య పూర్తియైనది. రాజమహేంద్రవరమునుండి కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని నెలకొల్పి న్యాయస్థానముల చుట్టు, కచేరీల చుట్టు అల్లుకొన్న ఈ లంచగొండితనముపై కలమెత్తినప్పుడు, ఆయన పోరినది ఒక్కొక్క ఉద్యోగిపై మాత్రమే కాదు. తరమునుండి తరమునకు ప్రక్కబల్లమీదుగా దిగివచ్చుచున్న ఆ చదువుపైనను.

1984లో గ్రామకరణముల, మునసబుల వంశపారంపర్యపు ఉద్యోగములను రాష్ట్ర ప్రభుత్వము రద్దుచేసెను. చేయవలసిన పనియే. అయితే ఆ యుద్యోగముతోపాటు ఏ గట్టు ఎవరిది, ఏ లంక ఏ వరదకు కోసుకుపోయి ఎచ్చట మరల మేటవేసినది అను ఎఱుకయు ఇంటిలోనికి పోయి తలుపు వేసికొన్నది. రెండేండ్లకే, 1986 ఆగస్టులో, ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల గోదావరి వచ్చెను. దానిని చూచినవారు ఇంకను మనమధ్య నున్నారు.

అందుచే 2019లో ప్రక్కబల్ల ఖాళీగా నుండుట కీడా, మేలా యని యడిగినచో, మేము మొదట మేలనియే తలచితిమి. మామూలు పుచ్చుకొను చేయిని చూడని కన్నులు లక్ష జతలు ఒక్కమాఱుగా కచేరీలలోనికి వచ్చినవి. వీరిలో పరీక్ష వ్రాసి గెలిచిన కూలివాని బిడ్డ గలదు, కౌలురైతు కొడుకు గలడు, ఇంజనీరింగు చదివి పట్టణమున పని దొరకక తిరిగివచ్చినవాడు గలడు. సిఫారసు లేకయే కొలువు వచ్చినదను గర్వము వారి ముఖములలో కనబడుచుండెను. అట్టి గర్వముకన్న మంచి పెట్టుబడి ప్రభుత్వమునకు మఱియొకటి లేదు.

వారికి మొదటి గురువు మహమ్మారి. చేరిన ఆఱు నెలలకే, 2020 మార్చిలో, కరోనా వచ్చిపడెను. ఇల్లిల్లు తిరిగి జ్వరము గలవారి పట్టిక వ్రాయుట, దూరదేశమునుండి వచ్చినవారిని విడిగా నుంచుట, భయపడి తలుపు తీయనివారికి కిటికీనుండి నచ్చజెప్పుట ఏ శిక్షణ శిబిరమునను నేర్పినది కాదు. అదే ఏట ఆగస్టులో గోదావరి పొంగెను. 2022 జూలైలో ధవళేశ్వరమువద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినప్పుడు లంకగ్రామములు నీటిలో మునిగెను. పడవలపై మంచినీటి ప్యాకెట్లు, బియ్యపు మూటలు చేరవేసినవారిలో వీరుండిరి. సర్వేయరుగా చేరినవాడు ఆ దినమున సర్వేయరు కాడు, పశువైద్య సహాయకురాలు ఆ దినమున పశువైద్య సహాయకురాలు మాత్రమే కాదు. నా పని యిది, నీ పని యది యను గోడ లేని కచేరి యెట్లుండునో ఆ వరదలో వారు చూచిరి. పాత కచేరీలలో ముప్పది యేండ్ల కొలువు చేసి పింఛను పుచ్చుకొన్నవారిలో దీనిని చూచినవారెందఱు?

రెండవ గురువు చేతిలోని సెల్‌ఫోను. ఈ గురువు గుఱించి మేము సంతోషముతో వ్రాయజాలము. ఉదయము హాజరు దానిలో, ముఖచిత్రము దానిలో, చేసిన పనికి ఫొటో దానిలో, చేయవలసిన పనికి లెక్క దానిలో. ఇన్నియిండ్లకు ఈ సాయంత్రములోపల సర్వే ముగియవలెనని మండలమునుండి వచ్చును, జిల్లానుండి వచ్చును, రాజధానినుండి వచ్చును. ముగిసినవారి పేరు పచ్చరంగున, ముగియనివారి పేరు ఎఱ్ఱరంగున. ఎఱ్ఱరంగునుండి తప్పించుకొనుట యెట్లో ప్రక్కవాడు చెప్పకయే తెలియును. ఇదివఱకు క్రొత్త గుమాస్తా పాత గుమాస్తా ముఖము చూచి నేర్చెను; ఇప్పుడు రంగు చూచి నేర్చుచున్నాడు. రంగునకు దయ యుండదు, అది వేఱు సంగతి. దానికి అనుభవమును లేదు, అదియే చిక్కు.

మేమెఱిగిన యొక కార్యాలయమున చూచినది చెప్పెదము. ఊరు పేరు అనవసరము. ఒక ముసలమ్మ, జీవితమంతయు వరినాట్లలో అరిగిపోయిన వ్రేళ్ళు గలది, వేలిముద్ర వేయుటకు వచ్చెను. యంత్రము ఆమె ముద్రను గుర్తింపలేదు. క్రొత్తగా చేరిన కుఱ్ఱవాడు లేచివెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆమె వ్రేళ్ళు కడిగి, తన చేతి రుమాలుతో తుడిచి, ఒక్కొక్క వ్రేలినే పెట్టించి చూచెను. ఏడవ వ్రేలికో ఎనిమిదవ వ్రేలికో యంత్రము ఒప్పుకొన్నది. 'మామ్మగారూ, ఈ వ్రేలిని గుర్తుపెట్టుకోండి' అని నవ్వెను. ఏడాది తరువాత మేము అదే కార్యాలయమునకు పోవలసివచ్చెను. అదే కుఱ్ఱవాడు. వేఱొక ముసలమ్మ. తల యెత్తకుండనే 'సర్వరు లేదండీ, రేపు రండి' యనెను. సర్వరు ఉన్నది. మా పని అప్పుడే దానిపై ముగిసినది.

ఆ యేడాదిలో ఏమి జరిగినది? ఎవరును వానికి చెడ్డతనము నేర్పలేదు. వాడు లంచము పుచ్చుకొనలేదు. మేము బయట అరుగుపై నిలిచి మెల్లగా అడుగగా వాడు కోపపడక చెప్పినదిది: తాను ముసలమ్మ వ్రేళ్ళు కడిగిన సంగతిని ఏ యధికారియు ఏనాడును అడుగలేదట. ఆ దినమున పూర్తికాని సర్వే లెక్కకు మాత్రము సంజాయిషీ అడిగిరట. ముసలమ్మకు పట్టిన పావుగంట ఏ గడిలోను ఎక్కదట. 'గడి' యను మాటను వాడు రెండుమాఱులు పలికెను. ఉద్యోగి తన యజమాని యెవరో ఈ విధముగా నేర్చుకొనును. ప్రశ్న వేయువాడు యజమాని. ముసలమ్మ ప్రశ్న వేయదు.

ఇంకొక పాఠము కూడ కలదు. నెలకు 15,000 రూపాయలపై రెండేండ్లు పరీక్షాకాలమనియు, ఆ పిమ్మట సంపూర్ణ వేతనమనియు ప్రభుత్వము చెప్పియుండెను. రెండేండ్లు 2021 అక్టోబరుతో నిండినవి. 2022 జనవరిలో వారు పనులు మాని వీధికెక్కవలసివచ్చెను. ఆ యేడు జూలైనుండి క్రొత్త జీతము వచ్చెను. ఖజానా చిక్కులు ప్రభుత్వమునకుండవచ్చును, లేవని మేమనము. అయితే క్రొత్తగా కొలువున చేరినవాడు మాట తప్పుటను మొట్టమొదట పైనుండి చూచినచో, క్రిందివారికి తానిచ్చిన మాటను ఎంత బరువుగా తూచునో చెప్పుట కష్టము. రేపు రండి యనుట అతడొక్కడే కనిపెట్టినది కాదు.

ఇచ్చట పాఠకులు మమ్ము అడుగవచ్చును: శిక్షణ లేదా? ఉన్నది. కొన్ని దినముల శిబిరములు, తెరమీద పాఠములు, శాఖాపరమైన పరీక్షలు. చట్టమును, యాప్‌ను నేర్పుటకు అవి చాలును. ఈ సందర్భమున మనలను పాలించిన పరదేశీయులు చేసిన పని యొకటి తలంపునకు వచ్చి సిగ్గు గొల్పుచున్నది. 1812లో కుంపిణీవారు చెన్నపట్టణమున సెయింటు జార్జికోట కళాశాలను స్థాపించిరి. సీమనుండి దిగిన పడుచు దొరలకు అచ్చట తెలుగు, అరవము మొదలగు దేశభాషలు నేర్పి, పరీక్షలో నెగ్గినపిదపనే జిల్లాలకు పంపిరి. 1817లో వచ్చిన సి. పి. బ్రౌను అచ్చటనే తెలుగు మొదలుపెట్టెను. మూడేండ్లకు గాని అతనిని కడపకు పంపలేదు. మననుండి శిస్తు పిండుటకు వచ్చినవారికి, పిండబడువారి మాట తెలియవలెనను జ్ఞానముండెను. మన బిడ్డలు మనకు సేవచేయుటకు వచ్చినప్పుడు వారికి మనము బల్లను, సంకేతపదమును ఇచ్చి మఱునాడే పని మొదలుపెట్టుమంటిమి. తెలుగు వారికి వచ్చును, నిజమే. ముసలమ్మ భాష వేఱు.

మఱి కొలువు మర్యాదను నేర్పుట సాధ్యమేనా? దీనికి మన గడ్డపైననే ఒక నిదర్శనమున్నది, అదియు కరపకు పొరుగుననున్న కాకినాడలో. 1923 డిసెంబరులో అచ్చట కాంగ్రెసు మహాసభ జరిగెను. సభతోపాటు నడచిన ప్రదర్శనశాల ద్వారముకడ పదునాలుగేండ్ల బాలిక వాలంటీరుగా నిలిచియుండెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు చెప్పిన ఆజ్ఞ. జవహర్లాలు నెహ్రూగారు టిక్కెట్టు లేక వచ్చిరి. బాలిక అడ్డగించెను. నిర్వాహకులు పరుగెత్తివచ్చి కంగారుపడిరి. చివరకు టిక్కెట్టు కొని తెచ్చిరి. అప్పుడే ఆయనను లోనికి విడిచెను. నెహ్రూగారు ఆ పిల్ల ధైర్యమును మెచ్చుకొనిరి. ఆమె దుర్గాబాయి. తరువాత రాజ్యాంగసభలో కూరుచున్నది, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనది.

ఈ కథను మన పాఠశాలలలో దుర్గాబాయి ధైర్యమునకు నిదర్శనముగా చెప్పుచుందురు. మాకు అందు వేఱొకటి కనబడుచున్నది. బాలిక ధైర్యము సగము కథ. తక్కిన సగము పెద్దల చేతిలో నుండెను. ఆ నాడు నిర్వాహకులు ఆమె చేయిపట్టి ప్రక్కకు లాగి, 'ఎవరో తెలియదా, పోనీ' యని గద్దించి, నెహ్రూగారు చిఱునవ్వుతో లోనికి నడచియున్నచో ఏమగును? ఎవరికిని చెప్పుకొనదగిన తప్పుగా తోచియుండదు. ఆమె ఆ సాయంత్రమునకే కొలువు మర్యాద నేర్చుకొనియుండును: నియమము చిన్నవారికి, ద్వారము పెద్దవారికి. అట్లు జరుగలేదు. అణా డబ్బులు పెట్టి టిక్కెట్టు కొనుటలో ఒక మహాసభ యంతయు ఒక పిల్లకు పాఠము చెప్పినది.

నేడు సచివాలయపు కిటికీకడ ఇట్టి ఘట్టములు దినదినము నడచుచున్నవి. అచ్చట నెహ్రూ పాత్ర ధరించువారెవరు? మేమే, మీరే. పఠనమందిరమున కూరుచుండి ఈ పత్రికను చదువుచున్న పెద్దమనుష్యులే. వరుసలో పదిమంది నిలిచియుండగా 'బాబూ, నాది చిన్న పని' యని ప్రక్కద్వారమున పోవువారు మనమే. ధ్రువపత్రమునకు అర్జీ పెట్టి, గడువు ఇంకను ఉండగనే, ఐదువందల కాగితమును మడిచి దస్త్రము క్రింద త్రోయువారు మనమే. కుఱ్ఱవాడు మొదట తిరిగి యిచ్చివేయును. 'ఉంచుకో బాబూ, టీకి' యందుము. రెండవమాఱు వాడు తిరిగి యీయడు. మూడవమాఱు మనము మఱచిపోయినచో వాడు గుర్తుచేయును. అప్పుడు మనము ఇంటికి వచ్చి, ఈ కాలపు పిల్లలలో నీతి లేదని పఠనమందిరమున చర్చింతుము. ప్రక్కబల్ల ఖాళీగా నున్నదంటిమి గదా. ఆ బల్లపై మనము కూరుచుంటిమి. ఉమేదువారికి గుమాస్తా చెప్పిన చదువును సచివాలయపు కుఱ్ఱవానికి పట్టణపు పెద్దమనిషి చెప్పుచున్నాడు.

పాతవాని ప్రక్కన క్రొత్తవానిని కూరుచుండబెట్టినంతమాత్రమున అంతయు చక్కబడునని భ్రమపడరాదు. జపానుదేశమున ఏటేట ఏప్రిలు మాసమున చదువు ముగించిన యువకులు గుంపులుగుంపులుగా కంపెనీలలో చేరుదురు. ఒక్కొక్కరికి ముందు చేరినవాడొకడు, సెంపాయి యనబడువాడు, నడవడి నేర్పును. ఆ పద్ధతి వారి పరిశ్రమకు పట్టుకొమ్మ యైనది. పెద్దవాడు లేవనిది చిన్నవాడు లేవరాదను మర్యాదయు దానితోనే వచ్చి, రాత్రింబవళ్ళు పనిచేసి ప్రాణములు విడిచినవారికి ఆ భాషలో ప్రత్యేకముగా కరోషి యని ఒక మాట పుట్టినది. తుదకు 2018లో ఆ దేశము పనిగంటలకు మితి విధించు చట్టము చేసికొనవలసివచ్చెను. మంచి సెంపాయి దొరకుటయే అదృష్టము.

అయినను పెద్దవాడు లేకుండుటకన్న తగిన పెద్దవానిని వెదకుట మేలు. 2020 డిసెంబరులో రాష్ట్రమున భూముల రీసర్వే మొదలైనప్పుడు ఈ క్రొత్త సర్వేయర్లకు ఉపగ్రహముల సాయముతో కొలుచు యంత్రములిచ్చిరి. గొలుసు లాగిన తరము కలలోనైన ఎఱుగని సూక్ష్మత అది. అయితే లంకభూమి సంగతి వేఱు. ఏటి కోతకు గట్టు పోవును, రాయి పోవును, పదేండ్లకు ఆవల మేట వేయును. ఆ మేటపై ఎవని హక్కు నిలుచునో కాగితము ఒకటి చెప్పును, ఊరు ఒకటి చెప్పును. యంత్రము స్థలమును చూపునే గాని తగవును చూపదు. ఏ లంకగ్రామమునకైనను పోయి చూడుడు: గట్టుమీద తాటిచెట్టు ఎప్పుడు నాటిరో, వెనుకటి వరదకు పాయ ఎటు తిరిగినదో చెప్పగల ముసలివాడొకడుండును. సర్వేయరు అతనిని పిలిచి వెంటబెట్టుకొని నడచినచోట తగవు తగ్గును. పిలువవలెనని వానికెవరు చెప్పిరి? యాప్ చెప్పలేదు.

అందుచే మా మనవి మితమైనది. క్రొత్తగా చేరిన ప్రతివానికిని మొదటి నెలనుండి ఆఱు నెలల వఱకు, మచ్చ పడక పింఛను పుచ్చుకొన్న ఉపాధ్యాయుడో, తహసీలు ఉద్యోగియో, దాదియో, వారమునకొక పూట ప్రక్కన కూరుచుండు ఏర్పాటు కావలయును. ఆయన సంతకము చేయనక్కఱలేదు, తనిఖీ చేయనక్కఱలేదు. వచ్చినవారితో కుఱ్ఱవాడు ఎట్లు మాటలాడుచున్నాడో విని, వారు పోయినపిదప ఒక్కమాట చెప్పిన చాలును. మండలాధికారి వారపు సమీక్షలో లెక్కలన్నియు అడిగినతరువాత, ఈ వారమున మీయొద్దకు వచ్చి పనికాక తిరిగిపోయినవారెవరు, ఎందుకు, అని ఒక ప్రశ్న వేయవలయును. ఆ ప్రశ్న ఏటేట అడిగినచో గడి దానంతట ఏర్పడును. ఇఁక బదిలీలు. 2025లో జనసంఖ్యనుబట్టి సచివాలయముల సిబ్బందిని మరల సర్దిరి, బదిలీలును జరిగెను. సర్దుబాటు అవసరమే కావచ్చును. ఊరి ముసలివారిని పేరుపెట్టి పిలువ నేర్చినవానిని కారణము లేక కదల్చుట మాత్రము ఒక పుస్తకాలయమును తగులబెట్టినట్లే యని మా యభిప్రాయము.

మేము నిరాశతో వ్రాయుటలేదు. 2019లో ప్రతి యేబది యిండ్లకు ఒకరు చొప్పున నియమించిన వాలంటీర్ల వ్యవస్థ 2024 తరువాత సాగలేదు. ఆ యేడు జూలై 1వ తేదీని రాష్ట్రమున అఱువది లక్షలకు పైబడిన పింఛనుదారుల యిండ్లకు డబ్బు చేర్చు పని ఒక్కసారిగా సచివాలయ ఉద్యోగులమీద పడెను. ఒక్క దినమున జరుగునాయని సందేహించినవారిలో మేమును ఒకరము. తెల్లవాఱకమునుపే బయలుదేరి, ఇంచుమించు అందఱికిని ఆ దినముననే చేర్చిరి. వంతెనపై లారీలు బారులు తీరకమునుపే రావులపాలెపు సందులలో వారి మోటారుసైకిళ్ళు తిరుగుచుండెను. ఆ పని చేసినవారిలో, లెక్క పచ్చరంగున చూపవలెనని తిరిగినవారెందఱో, మంచముపైనున్న ముసలివాని చేతిలో నోట్లు లెక్కపెట్టి ఉంచి రెండు మాటలు మాటలాడి లేచినవారెందఱో, ఆ లెక్క మాకు తెలియదు; తెలిసికొను యంత్రమును లేదు.

నాటి క్రొత్తవారు నేడు క్రొత్తవారు కారు. ఆఱేండ్లు దాటినవి, పెండ్లిండ్లయినవి, పిల్లలు పుట్టిరి, ఊళ్ళు మాఱిరి. ఇప్పటినుండి ఏ ఖాళీలోనికైనను ఒక కుఱ్ఱవాడో కుఱ్ఱదియో వచ్చి చేరినచో ప్రక్కబల్ల ఖాళీగా నుండదు. అచ్చట వీరే కూరుచుందురు. నీళ్ళచెంబు తెచ్చిన ఆ కుఱ్ఱవాడును ఎచ్చటనో ఒక బల్లముందు పెద్దవాడై కూరుచున్నాడు. వాని ప్రక్కకు క్రొత్తవాడు వచ్చిన మొదటినాడే అరిగిన వ్రేళ్ళ ముసలమ్మ యొకతె రాక మానదు, ఒకటవ తేదీ గదా. వాడు లేచునో, లేవడో. క్రొత్తవాడు వానివైపే చూచుచుండును.